ఓబులేసు చెప్పులు

ఓబులేసు కాళ్ళకు చెప్పులు పట్టడం మానేశాయి.

కిందటేడు కొన్న తోలు చెప్పులు. అవేమీ కుంచించుకుపోలేదు. పొద్దున తొడుక్కోబోతే మడమ బయటే ఉండిపోయింది. ఎలాగో ఇరికించి రెండు అడుగులు వేశాడు. వార్లు ఒరుసుకుపోతుంటే విప్పి మఠం గోడ పక్కన పెట్టేశాడు. ఆ రోజు నుంచి వట్టికాళ్ళతోనే తిరిగాడు.

ఊరు దానికి వెంటనే ఒక పేరు పెట్టింది. వైరాగ్యం అంది.

కంబగిరి మఠం కింద ఉన్న ఆ ఊళ్ళో దేనికైనా పేరు పెట్టడానికి అరపూట చాలు. ఓబులేసు మొహం ఉబ్బితే తేజస్సు అన్నారు. అన్నం సయించక రెండు ముద్దలకే లేచిపోతే ఆకలిని జయించాడన్నారు. పడుకుంటే ఊపిరి అందక, గోడకు ఆనుకుని కూర్చునే కునికితే, నిద్రను కూడా జయించేశాడన్నారు. సుంకమ్మ అయితే రోజూ నీళ్ళకొచ్చినప్పుడు ఆ పాదాలకు దండం పెట్టి, "ఎంత నిండుగా ఉన్నాయో చూడండమ్మా" అని నలుగురికీ చూపించేది. సొంత మొగుడి కాలికి ముల్లు దిగితే వారం దాకా వంగి చూడని మనిషి.

ఓబులేసు బసప్ప తాతకు శిష్యుడు. తాత మఠానికి గురువు, ఊరందరికీ తాత. మఠం బావి మీద కపిల తోలడం ఓబులేసు పని. కాడి కట్టిన రెండెద్దులు వాలులో కిందికి నడిస్తే, కాడికి కట్టిన మోకు తాడు లాగుడికి తోలు బాన బావిలోంచి నీళ్ళతో పైకి వస్తుంది. అవి వెనక్కి నడిస్తే మళ్ళీ దిగుతుంది. ఆ నీళ్ళు రాతి తొట్టిలో పడితే ఊరంతా అక్కడే ముంచుకుంటుంది. మఠంలో ఏటా జరిగే ఆరాధనకు ముందు నలభైఒక్క రోజులు, ఒక్క పూట తప్పకుండా, పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా కపిల తోలతానని ఓబులేసు మొక్కుకున్నాడు. ఊరికి ఆ మొక్కు చాలా నచ్చింది. మామూలు రోజుల్లో తొట్టి మధ్యాహ్నానికే అడుగంటుతుంది మరి.

అది ఓబులేసు కనిపెట్టిన మొక్కు కాదు. ఎనిమిదేళ్ళ కిందట పెంచలయ్య అనే శిష్యుడు అదే మొక్కు పట్టాడు. ముప్పైఆరో రోజున, ఎద్దులు వాలు దిగేటప్పుడు బరువుకని మోకు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఊరు దానికి సిద్ధి అని పేరు పెట్టింది. బావి పక్కన రాయి పాతి, పేరు చెక్కించి, ఏడాదికోసారి కొబ్బరికాయ కొడుతుంది. చివరి రోజుల్లో పెంచలయ్య కూడా చెప్పులు వదిలేశాడని పెద్దవాళ్ళు గుర్తు చేసుకున్నారు. అప్పటి నుంచి ఓబులేసు వంక మరింత భక్తిగా చూశారు. రెండో రాయికి చోటెక్కడని కూడా ఒకరిద్దరు చూసి పెట్టుకున్నారు.

ఓబులేసుకు ఆ రాయంటే ఆశ. కాకపోతే ఈమధ్య వాలు ఎక్కేటప్పుడు దాని పక్కన ఆగి, చెయ్యి ఆనించి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. చూసినవాళ్ళు మొక్కుతున్నాడనుకున్నారు.

ఇరవైఎనిమిదో రోజున పని ముగించి తాత దగ్గరకు వెళ్ళాడు.

"తాతా, ఒళ్ళు మాట ఇనడంలేదు. దీన్ని లొంగదీసే మంత్రమేదన్నా ఉంటే చెప్పు."

తాతకు రెండు కళ్ళలోనూ పూలు పడి నాలుగేళ్ళయింది. ఎదుట మనిషి ఉన్నాడనేంత వరకే తెలుస్తుంది. ఆయన ఓబులేసు వైపు చెవి తిప్పి, అతని ఊపిరి వింటూ చాలాసేపు కూర్చున్నాడు.

"రేపు బావికాడికొస్తా" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున ఓబులేసు కొట్టంలోకి వెళ్ళి, ఎప్పటిలాగే కాడి ఎత్తకముందు ఎద్దులను చూసుకున్నాడు. నల్లటి కర్రెద్దు బాగానే ఉంది. ఎర్రటి పుల్లెద్దు ముక్కు మీద చెయ్యి పెడితే తడి లేదు. చెవులు పట్టుకుని చూశాడు. గిట్టలెత్తి చూశాడు. డొక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ముందు వేసిన మేత వేసినట్టే ఉంది.

"నువ్వు పండుకో నాయనా" అని దాని గంగడోలు నిమిరి, కింద మెత్తగా గడ్డి పరిచాడు.

మొక్కు ఆగకూడదు. కర్రెద్దును ఒక్కదాన్నే తోలుకొచ్చి, కాడికి రెండో వైపున తన భుజం పెట్టాడు.

ఈ కబురు ఊళ్ళోకి తాత కంటే వేగంగా నడిచింది. తాత కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికే తొట్టి చుట్టూ జనం. సుంకమ్మ రెండు కడవలతో ముందు వరసలో ఉంది. నాలుగో బాన లాగుతుండగా కర్రెద్దు వాలు మధ్యలో తనంతట తాను ఆగిపోయింది. ఓబులేసు అదిలించినా కదల్లేదు. పక్కవాడి రొప్పు దానికి వినబడినట్టుంది.

"పుల్లకేమైంది రా?" అన్నాడు తాత.

"ముక్కారిపోయింది తాతా. నెమరెయ్యలా."

"బాగలేదని చెప్పిందా నీకు?"

"నోరులేని గొడ్డు, అదేం చెప్తాది తాతా?" ఓబులేసు మాటకూ మాటకూ మధ్య గాలి మింగుతున్నాడు. "మనమే కనిపెట్టుకోవాల."

"దా, కూచో."

ఓబులేసు కాడి కింద నుంచి తప్పుకుని రాతి మీద కూర్చున్నాడు. తాత ఎదురుగా గొంతుక్కూర్చుని అతని రెండు చెవులూ పట్టుకున్నాడు. పెదాల మీద వేళ్ళు పెట్టి చూశాడు. డొక్క మీద అరచెయ్యి ఆనించాడు.

ఓబులేసు నవ్వాడు. "ఏంది తాతా ఇది, సంతలో బేరానికొచ్చినట్టు!"

జనం కూడా నవ్వారు. తాత నవ్వలేదు. ఎద్దు గిట్ట ఎత్తినట్టు అతని పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, వదిలాడు.

తడి బంకమట్టిలో నొక్కినట్టు అక్కడ గుంట పడింది.

తాత ఓబులేసు వేలు తీసుకుని ఆ గుంటలో పెట్టాడు.

"పూడిందా?"

"లేదు."

తొట్టిలో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. కర్రెద్దు తోకతో ఈగలు తోలుకుంది.

"ఇప్పుడు?"

"లేదు తాతా."

ఓబులేసు నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

"ఈ ఎద్దుకు కాడి కడతావా?" అన్నాడు తాత.

ఓబులేసు తన కాలి వంక, వేరేవాళ్ళ కాలి వంక చూసినట్టు, చూస్తూ ఉండిపోయాడు.

సుంకమ్మ ఉండబట్టలేకపోయింది. "ఇంకా పన్నెండు దినాలే గదా తాతా! నడమ ఆపితే ఊరికి అరిష్టం గాదా?"

"నీళ్ళు తోడుకోను మీ ఇంట్లో చేద లేదా సుంకమ్మా?"

చేద ఉంది. సుంకమ్మ రెండు కడవలూ కిందికి దించింది.

తాత ఇంకా ఆ పాదం వదల్లేదు.

"పెంచలయ్య కాళ్ళూ ఇట్లనే నిండినాయి" అన్నాడు, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా. "అప్పుడు నాకు కళ్ళున్నాయి. చూసినాను. చూసి, మొక్కినాను."

ముందు వరసలో ఉన్నవాళ్ళు నెమ్మదిగా వెనక వరసలోకి సర్దుకున్నారు. కడవలు నింపుకున్నవాళ్ళు చప్పుడు చేయకుండా ఎత్తుకున్నారు. నింపుకోనివాళ్ళు ఖాళీ కడవలు పట్టుకుని నిలబడ్డారు.

టవున్లో పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి రెడ్డిగారి బండి అడిగి తెప్పించేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఓబులేసును పడుకోబెట్టబోతే వద్దన్నాడు. "పండుకుంటే ఊపిరాడదు" అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. గడ్డి మూట వీపుకు ఆనించి కూర్చోబెట్టారు. పుల్లెద్దుకు కుడితి పెట్టమని ఇద్దరికి రెండేసి సార్లు చెప్పాడు.

తాత మఠం గోడ వెంబడి తడుముకుంటూ పోయి, వంగి ఏదో తీసుకుని, వచ్చి బండెక్కాడు. ఎక్కి కూర్చున్నాక చూస్తే ఆయన ఒళ్ళో ఓబులేసు చెప్పులున్నాయి. వాటి మీద ఇన్నాళ్ళ దుమ్ము ఉంది.

బండి కదిలి బావి పక్కనుంచి పోయింది. మోకు వాలులో పడి ఉంది. రాయి మీద నిరుటి పసుపు వెలిసిపోయి ఉంది.

"అవెందుకు తాతా?" అన్నాడు ఓబులేసు. "పట్టవు గదా."

తాత చెప్పుల మీది దుమ్ము పంచె కొంగుతో తుడిచాడు.

"పెంచలయ్యవి ఇంకా నా కాడనే ఉన్నాయి" అన్నాడు.

బండి ఊరి పొలిమేర దాటింది. ఓబులేసు చెయ్యి చాచి, తాత ఒళ్ళోంచి తన చెప్పులు తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.