చివరి సీను ముందే తీసిన సినిమా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి కూడా ఉండేది, పిల్లలూ. బడి అన్నాక పోటీలు తప్పవు కదా! ఆ ఏడు 'మన వాగును కాపాడుకుందాం' అని చిన్న సినిమాల పోటీ పెట్టారు.

చురుకి అనే ముంగిసకు బహుమతి తనకే రావాలని పట్టుదల. కెమెరా కొంగకిచ్చింది. గంటసేపు కదలకుండా నిలబడగలిగేది అదొక్కటే మరి. పొద్దున్నే ఇద్దరూ క్లాసు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి చూస్తే, వాగు అద్దంలా ఉంది. చురుకి మొహం వేలాడేసింది.

"ఇంత శుభ్రంగా ఉంటే ఏం కాపాడతాం?" అంది.

"చివరి సీనుకి పనికొస్తుందిగా. ముందు అది తీసేద్దాం," అంది కొంగ.

పిల్లలంతా చీపుళ్ళు పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. చెమట పట్టినట్టు కనబడాలని నుదుటి మీద నీళ్ళు చల్లుకున్నారు. "హమ్మయ్య! వాగు బాగుపడింది!" అని అరిచారు. ఒక్క టేకులో అయిపోయింది.

ఇక మొదటి సీను. రోడ్డు పక్కన మనుషులు పారేసిన చెత్త మోసుకొచ్చారు. ముందు ప్లాస్టిక్ కవర్లు వేశారు.

"కెమెరాలో ఆనడం లేదు," అంది కొంగ.

సీసాలు, ఎంగిలి ప్లేట్లు వేశారు.

"చూసేవాళ్ళకి ఏడుపు రావద్దూ?" అంది కొంగ.

మూడోసారి నల్లనూనె డబ్బా దొర్లించుకొచ్చారు. అప్పుడు రాతి మీది కప్ప పిన్ని నోరు విప్పింది.

"ఏమే చురుకీ, నా పిల్లలు ఆ నీళ్ళలోనే ఉన్నారు. ఇంకా కాళ్ళు కూడా రాలేదు, ఎక్కడికీ పోలేరు. ఇదంతా తర్వాత ఎవరు తీస్తారు?"

"మేమే పిన్నీ! సినిమా చివర శుభ్రం చేస్తాం. చూళ్ళేదూ?"

"అది పొద్దున్నే అయిపోయిందిగా!"

"అబ్బ, నీకు సినిమా సంగతి తెలీదులే. పక్కకి జరుగు, ఫ్రేములోకి వస్తున్నావు."

డబ్బా వంపేశారు. సీను ఎంత బాగా వచ్చిందంటే, కొంగే కళ్ళు తుడుచుకుంది. ప్యాకప్ చెప్పి అందరూ ఇళ్ళకు పోయారు.

వారం తర్వాత సినిమా వేశారు. బహుమతి ఇవ్వవలసిన ఏనుగమ్మ వలవలా ఏడ్చింది.

"మొదటి బహుమతి నీదే, చురుకీ! ఆ వాగొడ్డు దగ్గరే ఇస్తాను. చివర్లో ఆ నీళ్ళు చూస్తే దాహమేసింది, పదండి," అంది.

చురుకి ఆపాలనుకుంది. కానీ ఏనుగుకు అడ్డం ఎవరు నిలబడతారు?

వాగు నల్లగా ఉంది. కప్ప పిన్ని చేమాకులో పిల్లల్ని పక్క గుంటకు మోస్తోంది. సగం మందే మిగిలారు.

"ఇది మొదటి సీను కదా! చివరి సీనేదీ?" అంది ఏనుగమ్మ.

"అది ముందే తీసేశారమ్మా," అంది కప్ప.

ఏనుగమ్మ బహుమతి పళ్ళెం చురుకి చేతిలో పెట్టింది.

"అన్న మాట తప్పను. ఇది నీదే. వెడల్పుగా ఉంది, నూనె తోడడానికి పనికొస్తుంది. దిగు."

చురుకి దిగింది. కొంగ కెమెరా ఎత్తబోయింది.

"నువ్వు కూడా," అంది ఏనుగమ్మ.

నీతి: మంచి చెప్పడం కోసం పాడుచేసినదాన్ని ముందు బాగుచెయ్యాలి. మంచి తర్వాత చెప్పినా ఏం కొంప మునగదు.