గజశాలలో కునుకు

మల్లభూపతి మహారాజుకి ఆ ఏడు ఎండలు మొదలవగానే మధ్యాహ్నం కునుకు పట్టడం మానేసింది. శత్రువులు దండెత్తి వచ్చినా నవ్వి ఊరుకునే మనిషి, కునుకు దూరమయ్యేసరికి సభలో అందరిమీదా విరుచుకుపడ్డాడు.

"నాకు హాయిగా నిద్రపట్టే భవనం కావాలి. ఎవరు కడతారు?"

ప్రధాన స్థపతి సింగనాచారి అప్పటికే లేచి నిలబడ్డాడు. తను కట్టిన గోడ ముందు నిలబడి తనకి తనే శభాష్ చెప్పుకునే రకం ఆయన.

"ఏడంతస్తుల మేడ, ప్రభూ! అంతా కాల్చిన ఇటుకా సున్నమూ. ముందు ఒక్క గది కట్టి చూపిస్తాను. నచ్చితే మిగతాది."

ఆ ఒక్క గదికే ఊరవతల బట్టీలు రాత్రింబగళ్ళు మండాయి. చింతలకోన అడవి ఒకవైపంతా బోడి అయింది. పొగ ఊరిమీద కూర్చుని లేవనంది. మేడంతా కడితే ఇక అడవీ మిగలదు, ఊపిరీ మిగలదు.

కొలువులో హాస్యగాడు బొప్పన. అతని చిన్నకూతురు ఆ పొగకి దగ్గి దగ్గి తిండి మానేసింది. సభంతా నవ్వించే బొప్పనకి ఇంటికెళితే ఏడుపొచ్చేది, ఆ వెనకే కోపమూ వచ్చేది. అయినా నిద్రలేని రాజుకి అడవి గోడు చెబితే తలకెక్కుతుందా?

అందుకే ఒకరోజు సభలో వేరే మాట ఎత్తాడు.

"ప్రభూ, నాకూ ఒక అవకాశం ఇప్పించండి. పాత గజశాల ఖాళీగా పడుంది కదా, దాన్నే బాగుచేస్తాను. కొత్తగా ఒక్క ఇటుక కూడా కాల్చను."

సభ గొల్లుమంది. సింగనాచారి పొట్ట పట్టుకున్నాడు. "ఏనుగులు పడుకున్నచోట ఏలినవారు పడుకోవాలా?"

"ఏనుగుకి నిద్రపట్టినచోట మనిషికి పట్టదా, ఆచారిగారూ?"

రాజుకి సరదా పుట్టింది. "సరే బొప్పనా! ఓడావో, కొలువు వదిలి బట్టీలకి కట్టెలు మోస్తావు."

"గెలిస్తే బట్టీలు ఆర్పించాలి, ప్రభూ."

"ఒప్పుకున్నాను!"

బొప్పన గజశాల గోడలకి మట్టి మెత్తించాడు. కప్పుమీద తాటాకు పందిరి వేయించాడు. ఎప్పుడో మూసేసిన కిటికీలు తెరిపించి, వట్టివేళ్ళ తడికలు కట్టించి నీళ్ళు చల్లించాడు.

తీర్పు రోజు రాజుగారి పంక్తిలోనే ఇద్దరూ భోంచేశారు. చెయ్యి కడుక్కుంటూ బొప్పన అన్నాడు.

"ఎవరి గది గురించి వాళ్ళం చెప్పుకుంటే గొప్పలే వస్తాయి, ప్రభూ. నా గదిలో తప్పులు ఆచారిగారు పట్టాలి. ఆయన గదిలో తప్పులు నేను పడతాను."

ఇంకొకరి పనిలో తప్పులు పట్టడమంటే సింగనాచారికి పాయసంతో సమానం. కొలతల తాడు చేతపట్టుకుని గజశాలకి పరుగులాంటి నడక నడిచాడు.

రాజూ బొప్పనా ఆచారి కట్టిన కొత్త గదిలో కూర్చున్నారు. ఎండ ముదిరింది. రాజుగారి ఉత్తరీయం చెమటకి తడిసి ముద్దయింది.

"తప్పులేమైనా కనిపించాయా?" అన్నాడు విసుగ్గా.

"ఒక్కటీ లేదు ప్రభూ. గోడలు నున్నగా, నిటారుగా ఉన్నాయి. బట్టీలో తాగిన వేడి ఇంకా మరిచిపోయినట్టు లేవు, అంతే."

"మరి ఆచారి ఏడీ? ఇంకా రాలేదంటే నీ గదిలో ఎన్ని తప్పులున్నాయో! పద, చూద్దాం."

గజశాల గుమ్మంలోనే గురక వినిపించింది. తలపాగా ఒక పక్కా తను ఒక పక్కా, కొలతల తాడు గుప్పిట్లో పెట్టుకుని, సింగనాచారి చాపమీద నోరు తెరిచి నిద్రపోతున్నాడు. రాజు ఆయన్ని తట్టబోయాడు. బొప్పన చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేపకండి ప్రభూ! నా గది ఎలా ఉందో ఆచారిగారు మీకు విన్నవించుకుంటున్నారు."

రాజుగారి నవ్వుకి సింగనాచారి ఉలిక్కిపడి లేచాడు.

"భు... భుక్తాయాసం, ప్రభూ!"

"ముగ్గురం ఒకే పంక్తిలో తిన్నాం కదయ్యా! నాకు ఆ గదిలో కునుకెందుకు పట్టలేదు?"

"అసలు ఇది నిద్రే కాదు. కళ్ళు మూసుకుని తప్పులు ఆలోచిస్తున్నాను."

"దొరికాయా?"

సింగనాచారి గోడలకేసి చూశాడు. కప్పుకేసి చూశాడు. పాపం, ఎంతైనా పని తెలిసినవాడు, అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఒకటి దొరికింది, ప్రభూ. దిండు లేదు."

రాజు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. బట్టీలు ఆ పూటే ఆర్పెయ్యమని మనిషిని పంపాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. తర్వాత తన తలపాగా తీసి దిండులా మడిచి, చాపమీద వాలాడు.

"ఇక మీరిద్దరూ బయటికి నడవండి. నాకు నిద్రొస్తోంది."