నడిమధ్య వంతెన

సన్యాసయ్య గారిని ఎవరైనా ఏదైనా అడిగితే, "నాతో కొంచెం దూరం నడుస్తావా?" అనేవారు. నడిచే ఓపిక లేనివాళ్ళు ప్రశ్నను వెనక్కి తీసుకునేవారు.

శిష్యుడు తవిటినాయుడు ఇంజనీరు. రెండు ఊళ్ళకు కలిపి ఒక ఆసుపత్రి కట్టించే పని అతని మీద పడింది. మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని వాళ్ళు కొట్టుకుంటున్నారు. "సరిగ్గా మధ్యలో కట్టేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా గురువుగారూ?" అని అడిగాడు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

ఎండ వాలేవేళకి ఇద్దరూ ఒక గెడ్డవాగు దగ్గరకు చేరారు. ఇవతలి ఒడ్డున ఎగువపేట, దిగువపేట. బడి అవతల. వంతెన మా రేవులో అంటే మా రేవులో అని ఏళ్ళ తరబడి తగువులాడి, చివరకు రెండు పేటల పెద్దలూ తాళ్ళు ముడేసి, రెండు రేవుల మధ్య దూరం కొలిచి, ఆ తాడును సగానికి మడిస్తే మడత పడ్డచోట కట్టించారు. ఎవరు ముందన్న మాట రాకుండా కొబ్బరికాయలు కూడా ఇద్దరూ ఒకేసారి కొట్టారు. వంతెన దగ్గరికి దారి మాత్రం లేదు. చుట్టూ తుమ్మ ముళ్ళు. దారికి ఎవరి పొలం పోవాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ తగువు.

వంతెన మీద మేకలు పడుకుని ఉన్నాయి. వాటిని కాసే పైడితల్లి పిట్టగోడ పట్టుకుని దిగువకు చూస్తోంది. అక్కడ రేవులో బడిపిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని మొలలోతు నీళ్ళు దాటుతున్నారు.

"చేతులు వదలకండర్రా," అని కేకేసింది.

"మాయమ్మ చెప్పిందిలే పిన్నీ, నువ్వు మేకల్ని చూసుకో," అంది నీళ్ళలోంచి ఒక పిల్ల. మిగతావాళ్ళు నవ్వారు.

ఆఖరి పిల్ల ఒడ్డెక్కేదాకా పైడితల్లి పిట్టగోడ వదల్లేదు. ఆ పట్టు ఎలాంటిదో బిడ్డను కన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

"వంతెన ఉండగా నీళ్ళలో దిగడమేమిటమ్మా?" అన్నాడు తవిటినాయుడు.

"దీనికి తోవేదీ బాబూ? మేకలకైతే ముల్లడ్డం గాదు."

"కట్టేటప్పుడు ఎవరూ అడగలేదా?"

"ఎందుకడుగుతారు? అందరూ ఒప్పుకున్నదే. నేనూ చప్పట్లు కొట్టాను. మా బంగారి అప్పుడు చంకలో పిల్ల. నన్ను చూసి అదీ కొట్టింది." చేతికర్ర అందుకుని, "పోయినేడు బడికెళ్తూ ఆ రేవులోనే పోయింది," అంది. మేకల్ని అదిలించుకుని ముళ్ళలోకి దిగిపోయింది.

తిరుగుదారిలో తవిటినాయుడు, "పిల్ల పోయాక కూడా రెండు పేటలవాళ్ళూ ఒకరినొకరు ఏమీ అనుకోలేదా?" అని అడిగాడు.

"లేదు నాయనా," అన్నారు గురువుగారు. "ఆ వంతెన కట్టిన దగ్గర్నుంచీ వాళ్ళ మధ్య చిన్న మాట తేడా కూడా రాలేదు."