ఎడమ కాలి చెప్పు

లింబాద్రికి కుట్టుమిషన్ అంటే భయం. నవ్వకండమ్మా, అది నవ్వులాట భయం కాదు. ముందు ఆ భయమేమిటో చెప్పనివ్వండి. మన ఆశన్న తాత దాన్ని ఏం చేశాడో ఆ తరవాత చెబుతాను. వెనకాల వాళ్ళకు వినబడుతోందా? సరే. గురువుకు ఒక దండం పెట్టుకుని వినండి.

లింబాద్రిది తోలుపని. మంజీర ఒడ్డున ఉన్న కుష్ఠు దవాఖానాకు చెప్పులు కుట్టి ఇచ్చేవాడు. ఆ జబ్బు మందులతో నయమైపోతుంది. కానీ కొందరికి కాళ్ళలో పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. అందుకని వాళ్ళ చెప్పులు వేరు. అడుగున మెత్తటి రబ్బరు, మీద వెడల్పాటి తోలు పట్టీలు. మేకు అన్న మాటే ఉండకూడదు. అంతా కుట్టే.

ఒకరోజు రాజవ్వ అనే ఆమె అంగట్లో కొన్న చెప్పులేసుకుని వచ్చింది. "నువ్వు కుట్టినయి అరిగిపోయినయ్ కొడుకా, కొత్తయి ఎప్పుడిస్తవ్? నేను సచ్చినంక ఇస్తవా?" అని నవ్వుతోంది. అతను కొలత తీయడానికి ఆమె కాలు ఎత్తి, చెప్పు లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. అప్పుడు కనిపించింది, చెప్పులోని మేకు పాదంలోకి దిగి ఉంది. దానిమీదే ఊరి నుంచి నడిచొచ్చింది ఆ తల్లి.

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు లింబాద్రిని పట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నా అదే, తోలు కోస్తున్నా అదే.

డాక్టరమ్మ ఊరుకోలేదు. "ఆరెతో ఒక్కో బెజ్జం పొడిచి పొడిచి నువ్వెంతమందికి కుట్టగలవు లింబాద్రీ? ఎండలు ముదురుతున్నాయి. ఒట్టి కాళ్ళతో తారురోడ్డు మీద నడిచి, అరికాళ్ళు బొబ్బలెక్కి వస్తున్నారు. మిషన్ తెచ్చుకో. డబ్బు సంగతి నేను చూసుకుంటా" అంది.

లింబాద్రి పట్నం వెళ్ళాడు. దుకాణంలో మిషన్లు చూశాడు, తిరిగి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చేశాడు. బట్టైతే తప్పు కుట్టు విప్పేస్తే రంధ్రం పూడిపోతుంది. తోలు అలా కాదు. ఒకసారి సూది దిగితే ఆ రంధ్రం ఉన్నట్టే. చేత్తో కుట్టేటప్పుడు ఒక్కో కుట్టూ వేలికి తెలుస్తుంది. మిషన్ పరుగెత్తితే ఏ కుట్టు ఎక్కడ గట్టిపడిందో, ఏ కాలిని కొరుకుతుందో ఎవరు చూస్తారు? ఆ కాలు కూడా చెప్పదాయె!

చివరికి వచ్చి ఆశన్న తాత ముందు కూలబడ్డాడు.

తాత గురించి మీలో కొత్తవాళ్ళకు తెలియదేమో. మన మఠానికి గురువు కాకముందు ఆయనా ఆ దవాఖానాలో మంచం పట్టినవాడే. జబ్బు నయమైంది, పాదాలకు స్పర్శ రాలేదు. రాజవ్వ కాళ్ళెలాంటివో ఆయన కాళ్ళూ అలాంటివే.

"తాతా, నాకు ఈ భయం తీసెయ్యి. మంత్రముంటె చెప్పు, తాయెత్తుంటె కట్టు. మిషన్ కొంటె ఎవరి కాలు పోతదో అని భయం. కొనకుంటె వాళ్ళు ఎండల కాలిపోతున్నరు. ఈ భయం పెట్టుకోని నేను ఏదీ కొనలేను."

తాత అతని చేతుల వంక చూశాడు.

"ఏం మిషన్లున్నయిరా ఆడ?"

"రెండు నచ్చినయ్. ఒకటి బల్ల మిషన్, మోటరుది. తొక్కితే తుపాను లెక్క ఉరుకుతది. ఇంకోటి మోచెయ్యి లెక్క ముంగటికి చాపుకోని ఉంటది, చెప్పును దానికి తొడిగి తిప్పుకుంట కుట్టొచ్చు. అది నిమ్మళంగ నడుస్తది."

"మంచిది. రేపు నేనూ వస్త. నాకు గూడ ఓ జత కావాలె. ఆడనే కుట్టియ్యి."

లింబాద్రి లేచి నిలబడ్డాడు. "నీ కాళ్ళకా తాతా? ఏ మిషన్ మీద కుట్టాలె?"

"రెండున్నయ్ అంటివి గదరా. కాళ్ళు గూడ రెండున్నయ్."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కారు. లింబాద్రి సంచిలో తాత కొలతకు కోసిన రబ్బరు, అంటించిన పట్టీలు ఉన్నాయి. కుట్టడమే మిగిలింది. దారి పొడుగునా ఆ సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

దుకాణపాయన వీళ్ళను చూసి లేచి, "వచ్చినవా అన్నా! మిషన్ కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా? ఇన్నిసార్లు చూస్తె పిల్లగూడ ముసల్దయితది" అన్నాడు. "ఈసారి పెద్దమనిషిని తోలుకొచ్చినవ్. అయితే ఖాయమే!" తాతకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, రెండు మిషన్లూ కుట్టి చూసుకోమన్నాడు.

ముందు కుడికాలి చెప్పు. దాన్ని లింబాద్రి మోచెయ్యి మిషన్‌కు తొడిగాడు. సూది చూస్తే దబ్బనమంత ఉంది. లింబాద్రి చేతులు వణుకుతున్నాయి. ఒక కుట్టు పడగానే ఆపాడు. లోపలికి బొటనవేలు పోనిచ్చి తడిమాడు. మళ్ళీ నాలుగు కుట్లు, మళ్ళీ తడిమాడు. దుకాణపాయన ఆవులించాడు. కుట్టడం అయ్యాక దారం కొసను అగ్గితో కరిగించి అతికించాడు. నైలాన్ దారం కరిగితే కొసన చిన్న గింజ కడుతుంది, ఇసక రేణువంత. లింబాద్రి వేలికి అది తగిలింది. కత్తితో చెక్కాడు, రాతితో రుద్దాడు, తన చెంపకు ఆనించి చూసుకున్నాడు. అప్పుడుగానీ పక్కన పెట్టలేదు.

తరవాత ఎడమది. బల్ల మిషన్ ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని తొక్కాడు.

ఝుమ్మని పోయింది! తోలు నీళ్ళలా జారిపోయింది. కుట్టు చూస్తే ముత్యాలు గుచ్చినట్టుంది.

"వహ్వా! ఏం చెయ్యన్నా నీది! మా కారీగర్లకు గూడ ఇట్ల రాదు" అన్నాడు దుకాణపాయన. చుట్టుపక్కల వాళ్ళు చేరారు. లింబాద్రి ముఖం విప్పారింది. మలుపు తిప్పి రెండో వరస కూడా అలాగే లాగించాడు. కొసలు కాల్చి, చెప్పు పైకెత్తి అందరికీ చూపించాడు.

"తాతా, భయం పోయింది! మొత్తానికే పోయింది!"

"పోయిందా?" అన్నాడు తాత, చాయ్ గ్లాసు కింద పెడుతూ. "సరే, తొడుగు."

రెండు చెప్పులూ తొడుక్కుని తాత అటూ ఇటూ నడిచాడు. బాగున్నాయన్నాడు. మిషన్ సంగతి రేపు చెబుతామని చెప్పి బయల్దేరారు.

బస్సు దిగాక ఆటో వచ్చింది. లింబాద్రి పిలవబోతే తాత వద్దన్నాడు. "కొత్త చెప్పులు. నడుద్దాం పా." రోడ్డు దిగి, చెరుకు తోటల వెంబడి, ఎండలో నడిచారు. లింబాద్రి ముందు నడుస్తూ బల్ల మిషన్ ఎక్కడ పెట్టాలో, కరెంటు తీగ ఎటునుంచి లాగాలో చెప్పుకుంటూ పోయాడు. తాత వెనక ఊకొడుతూ వచ్చాడు.

మఠం చేరాక తాత అరుగు మీద కూర్చుని "పళ్ళెం తే" అన్నాడు.

ఊరెళ్ళి వచ్చిన గురువు కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవడం మన ఆచారం కదా. తాత మాత్రం ఎవరినీ కడగనిచ్చేవాడు కాదు. "నా కాళ్ళు దినాం నేనే చూసుకోవాలె, డాక్టరమ్మ ఆర్డరు" అని తప్పించుకునేవాడు. ఆ రోజు తానే చాపాడు.

లింబాద్రికి ఒళ్ళు పులకరించింది. ఇత్తడి పళ్ళెం పెట్టి, కుడికాలి చెప్పు తీసి, చెంబుతో నీళ్ళు పోశాడు. దుమ్ము పోయి పాదం తేటగా కనబడింది.

ఎడమకాలి చెప్పు తీశాడు. నీళ్ళు పోశాడు.

పళ్ళెం ఎర్రబడింది.

"ఆ దుకాణపాయన మంచోడేరా" అంటున్నాడు తాత. "చాయ్‌ల అల్లం మంచిగేసిండు."

లింబాద్రి తలెత్తి చూశాడు. తాత నవ్వుతున్నాడు. అచ్చం రాజవ్వ నవ్వే.

చిటికెన వేలి పక్కన చర్మం లేచిపోయి, లోపలి మాంసం కనబడుతోంది. పట్టీ లోపల, సరిగ్గా అక్కడ, కాల్చిన దారపు గింజ. ఇసక రేణువంత.

తన భుజం మీది కండువా చింపి కట్టు కట్టాడు. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకునే ధైర్యం ఎవడికుంటుంది చెప్పండి?

తాత వంగి చూసుకున్నాడు.

"ఏ కాలురా?"

"ఎడమది తాతా."

"అది కుట్టేటప్పుడు నీకు భయమైందా?"

లింబాద్రి తల అడ్డంగా ఊపాడు.

"భయం తీసెయ్యమంటివి గదరా" అన్నాడు తాత, మెల్లిగా. "నా కాళ్ళకు దేవుడు ఎన్నడో తీసేసిండు."

ఆయనకు ముందే తెలుసా, దుకాణంలోనే చూశాడా అని నన్నడక్కండి. నేనూ అడిగాను. నన్ను చాయ్ పెట్టమన్నాడు.

తాతను దవాఖానాలో చేర్చి, పుండు మానేదాకా లింబాద్రి ఆ గడప దిగలేదు. మానిన మర్నాడే ఒక్కడూ పట్నం వెళ్ళాడు.

"రా అన్నా! ఇంతకూ ఏది ప్యాక్ చెయ్యమంటవ్? ఆ దినం ఉరికిచ్చినవ్ గద, అదేనా?"

లింబాద్రి ఆ మిషన్ దాటి వెళ్ళి, మోచెయ్యి మిషన్ ముందు కూర్చున్నాడు. దాని మీద చెయ్యి వేశాడు.

"దీని ముంగట కూసుంటె నీ చేతులు వణుకుతున్నయ్ గదన్నా!"

లింబాద్రి తన చేతుల వంక చూసుకున్నాడు. నిజమే, వణుకుతున్నాయి.

"ఇదే కట్టు" అన్నాడు.