దళవాయికి పట్టిన సంధి

చింతపట్టు రాజు మాధవభూపతి ఆ ఉదయం కొలువుకు రాగానే ఒక కత్తి తెప్పించి పీట మీద పెట్టించాడు. అది సేనలన్నిటికీ పెద్ద అయిన దళవాయి బసివినాయుడిది.

“దళవాయికి మతి చెడిందట. ముసలితనమైతే ఈ కత్తి ఈ పూటే భుజంగరాయుడికిస్తాను. రోగమైతే వైద్యం చేయిస్తాను. ఏదో తేల్చండి.”

భుజంగరాయుడు ఉపసేనాని. అప్పటికే నడుముకు కొత్త పటకా బిగించుకుని వచ్చాడు.

“ముసలితనమే ప్రభూ. డెబ్భై దాటాయి. ఇంక తేల్చేదేముంది?”

రాజవైద్యుడు నాగయార్యుడు ఏదో అనబోయాడు. భుజంగరాయుడు గుడ్లురిమాడు. వైద్యుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

కొలువులో చమత్కారి సింగన. అతనికి గుర్రపుస్వారీ నేర్పింది బసివినాయుడే. కత్తి వైపు ఒకసారి చూసి, నవ్వుముఖంతోనే లేచాడు.

“కళ్ళారా చూసినవారు భుజంగరాయుడుగారు. ఆయన నోటే విందాం ప్రభూ. ఎన్నాళ్ళుగా ఇలా ఉందండీ?”

“ఎన్నాళ్ళేమిటి! మొన్న సాయంత్రం చదరంగంలో నన్ను ఓడించాడు. నిన్న పొద్దున చూస్తే స్తంభానికి దండం పెడుతున్నాడు.”

“అయ్యో! అప్పట్నుంచీ అంతేనా?”

“నిలకడ ఉంటేగా! మధ్యాహ్నం నన్ను గుర్తుపట్టి తిట్టాడు. పొద్దుగూకేసరికి ‘అత్తగారూ’ అన్నాడు.”

ఎవరో దగ్గారు.

“అడిగినదానికి జవాబు చెబుతున్నారా?” అన్నాడు సింగన.

“వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాను. శని, శుక్ర అని ఆగి, గోడ మీది బల్లిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గుర్రానికి పెళ్ళి సంబంధం చూడమన్నాడు. ఆ మాట మధ్యలోనే కళ్ళు మూతపడ్డాయి. కుదిపితే గానీ లేవలేదు. ఇంతకన్నా ఏం కావాలి?”

“ఏమీ అక్కర్లేదు,” అని సింగన రాజు వైపు తిరిగాడు.

“ముసలితనం మెల్లగా నడిచొస్తుంది ప్రభూ. రాత్రికి రాత్రి గుర్రమెక్కి రాదు. మధ్యాహ్నం తగ్గి, సాయంత్రం పెరగదు.”

నాగయార్యుడికి ధైర్యం వచ్చింది.

“ఆయన చెప్పినవన్నీ జ్వరంలో మతి తప్పించే సంధి లక్షణాలే ప్రభూ! పెద్దవయసులో ఒళ్ళు అంతగా కాలకుండానే లోపల జ్వరం ఉండొచ్చు. నీళ్ళు తాగకపోయినా ఇలా అవుతుంది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. వెంటనే వైద్యం చేయాలి. పక్కన తెలిసిన మనిషి కూర్చుని, కళ్ళు తెరిచినప్పుడల్లా తానెవరో, ఎక్కడున్నాడో చెబుతుండాలి.”

“అయితే రోగం పట్టిచ్చిన భుజంగరాయుడుగారే కూర్చోవాలి,” అన్నాడు సింగన.

“‘తమరే మా దళవాయి’ అని ఆయనకన్నా ముద్దుగా ఎవరనగలరు?” అని ముక్తాయించాడు.

రాజు సరేనన్నాడు. భుజంగరాయుడు పటకా వదులు చేసుకుని, నీళ్ళచెంబు పట్టుకుని వెళ్ళాడు.

జ్వరం దిగిన ఉదయం రాజు, సింగన చూడటానికి వెళ్ళేసరికి బసివినాయుడు కళ్ళు తెరుస్తున్నాడు.

“తమరే మా దళవాయి,” అన్నాడు భుజంగరాయుడు నీరసంగా.

“తెలుసులేవయ్యా! ఎన్నిసార్లు చెబుతావు?”

రాజు గడప మీదే నిలబడి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశాడు.