బీరయ్య బొటనవేలు

రాజలింగాచారి గురువుగారు ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు చేతిలో పని ఆపేవారు కారు. ఆయన వడ్రంగి. అచల బోధ అనే తత్వమార్గం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది, చిత్రిక కూడా అక్కడి నుంచే వచ్చింది. శిష్యులు పొట్టు పక్కకు నెట్టుకుని కింద కూర్చునేవారు.

ఒక ఆదివారం శంభులింగం అనే బడిపంతులు వచ్చి, చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి చివరికి అసలు సంగతి అడిగాడు.

"గురువుగారూ, అనుమానపడటం తప్పంటారా? నాకు ఒక మనిషి మీద అనుమానం పుట్టింది. రుజువు కూడా దొరికింది."

"రుజువు ఎవరు దొరకబట్టిన్రు?"

"నేనే."

గురువుగారు ఒక కన్ను మూసి చెక్క వంకర చూసుకున్నారు. "ఫొటోల పర్శరాములు సంగతి నీకు తెల్వదనుకుంట" అని, మళ్లీ చిత్రిక పడుతూ చెప్పారు. ఆయన చెప్పింది ఇది.

పర్శరాములుకు మండల కేంద్రంలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. అతను ఫొటోలు దింపేవాడు, భార్య మణెమ్మ వెనక చీకటిగదిలో కడిగేది. చుట్టూ పన్నెండు ఊళ్లలో పెళ్లయినా, బోనాలయినా, పీర్ల ఊరేగింపయినా, కొత్త ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టినా కెమెరా సంచితో అతనే వెళ్లేవాడు. కోడెదూడతో కలిసి దిగుతామన్నా కాదనేవాడు కాడు. చావులకు కూడా పిలిచేవారు. చాలామంది ముసలివాళ్లు పుట్టి బుద్ధెరిగిన తర్వాత దిగిన ఫొటో అదొక్కటే. "నా కెమెరా ఉన్నది ఉన్నట్టు చెప్తది" అనేవాడు పర్శరాములు. ఆ మాట అతను గొప్పకు చెప్పుకోలేదు, నిజంగానే నమ్మాడు.

నాగులకుంటలో గొర్రెలు కాసే బీరయ్య ఒక తెల్లవారుజామున పోయాడు. పర్శరాములు చేరేసరికి పది దాటింది. కొడుకు కొమురెల్లిని తల దగ్గర, కూతురు లచ్చవ్వను కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో మనవలను సర్ది, రెండు ఫొటోలు దింపి వచ్చేశాడు.

మర్నాడు మణెమ్మ ఫొటో ఆరేస్తూ భర్తను పిలిచింది. "ఈ మచ్చ చూడు. ఫిల్ము మీదిదా, చేతి మీదిదా?"

పర్శరాములు భూతద్దం పెట్టి చూశాడు. గుండె మీద బోర్లా ఉన్న ఎడమ చేతికి బొటనవేలు కొస నల్లగా ఉంది. వేలిముద్ర వేయించే సిరా అది. బీరయ్యకు సంతకం రాదు. ఆయన పేర మూడెకరాల చెలక, ఒక బావి ఉన్నాయి.

భూతద్దం మెల్లగా కొమురెల్లి ముఖం మీదికి జరిగింది. నిన్న చూసినప్పుడు ఆ ముఖంలో దుఃఖం ఉంది. ఇవాళ అదే ముఖంలో భయం కనిపించింది. అతని చూపు తండ్రి మీద లేదు, కెమెరా మీదా లేదు, గుమ్మం వైపు ఉంది. ఎవరు వస్తారని చూస్తున్నాడు? కుడి చేయి తువ్వాల కింద ఉంది. అక్కడ ఎందుకు ఉండాలి?

"పెన్సిలుతోని మచ్చ కప్పేస్త" అంది మణెమ్మ. "మనది ఫొటోలు దింపే పని. పంచాతి మనకెందుకు?"

"కప్పితే ఆ పాపంల మనకూ పాలుంటది" అన్నాడు పర్శరాములు.

అయిదోనాడు కొమురెల్లి వచ్చాడు. దినాలకు తండ్రి ఫొటో కావాలన్నాడు. చేతిలోకి తీసుకుని చూసి, "బొటనవేలు గిట్ల నల్లగ పడ్డదేందన్నా? జర సాఫ్ చేసియ్యరాదు, గోడకు పెట్టుకునేది" అన్నాడు.

అంతవరకూ అనుమానంగా ఉన్నది ఆ మాటతో పర్శరాములుకు నిశ్చయమైపోయింది. ఎల్లుండి రమ్మని అతన్ని పంపించి, ఆ మధ్యాహ్నమే పెద్దసైజు కాపీ ఒకటి సంచిలో పెట్టుకుని నాగులకుంట బస్సెక్కాడు. సర్పంచి రాఘవులు ఇంటికి వెళ్లి తలుపు దగ్గరికి వేయించి మరీ చెప్పాడు. "సచ్చినోని చేతికి సిరా పూసి ముద్రేసుకున్నరు. కొడుకు పనే. ఇగో, ఉన్నది ఉన్నట్టు."

తలుపు వేసి చెప్పిన మాట పొద్దు గూకకముందే ఊరంతా తిరిగింది. పిట్టముట్టుడు నాడు పెట్టిన కూడు ముట్టడానికి కాకి ఎందుకు ఆలస్యంగా వచ్చిందో జనానికి ఇప్పుడు తెలిసింది. కొమురెల్లి ఏడవకపోవడం గుర్తొచ్చింది. ఏడ్చిన సంగతి గుర్తున్నవాళ్లకు అది దొంగ ఏడుపని తోచింది. పదకొండోనాడు దినాలకు అతను వంద మందికి వండిస్తే, విస్తరి ముందు కూర్చున్నది ఇంటివాళ్లు తొమ్మిది మంది.

పన్నెండోనాడు గ్రామపంచాయతీ వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. పర్శరాములును కూడా పిలిపించారు. కొమురెల్లి నిలబడి, "నా దగ్గర ఏ కాయితం లేదు. ఇల్లు దేవులాడుకోన్రి" అన్నాడు. వెళ్లి వెతికారు. గొంగళ్లు దులిపారు, బియ్యం డబ్బా బోర్లించారు. ఏమీ దొరకలేదు.

అప్పుడు ఆడవాళ్లలోంచి లచ్చవ్వ లేచింది. "కాయితం నా దగ్గరున్నది" అంది.

అది వీలునామా. బావి పక్కన ఎకరం చెలక కూతురికి రాసినట్టు ఉంది. కింద బీరయ్య వేలిముద్ర, చావుకు ముందురోజు తేదీ. సాక్షులిద్దరూ ఆమె అత్తగారి ఊరివాళ్లు. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగితే, "దినాలయ్యేదాక తియ్యకు బిడ్డా, పీనుగ ముంగట కొట్లాట వద్దన్నడు మా అయ్య" అంది.

ఊరి అనుమానం ఒక్క క్షణంలో అన్నను వదిలి చెల్లెలిని పట్టుకుంది. కొమురెల్లి సర్పంచి చేతిలోని ఫొటో లాక్కుని పర్శరాములు ముందు పెట్టాడు.

"అన్నా, సచ్చినోని చేతికి ముద్రేసిన్రని నువ్వే చెప్పినవు గద. ఇప్పుడు చెప్పు మల్ల."

పర్శరాములు ఫొటో చూశాడు. తండ్రి కాళ్ల దగ్గర తల వంచుకున్న లచ్చవ్వ మొన్నటిదాకా అతనికి దిక్కులేని ఆడబిడ్డగా కనిపించింది. ఇప్పుడు ఆ తల ఎందుకు వంచుకుందా అనిపించింది. అవునని ఒక్క మాట అంటే చాలు, ఆ కాగితం చిత్తుకాగితం అవుతుంది. అనడానికి నోరు తెరిచాడు కూడా.

లచ్చవ్వ ఏడవలేదు. దగ్గరికి వచ్చి ఫొటోలో తండ్రి చేతిని చూపించింది.

"పర్శరామన్నా, మా అయ్య చెయ్యి గుండె మీదికి ఎట్లొచ్చింది?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఆ రోజు ఆ చేయి గుండె మీద లేదు. పక్కన చాప మీద, పిడికిలి బిగించి ఉంది. ఫొటో పొందికగా రావాలని అతనే అందరినీ వెనక్కి జరగమని, వంగి ఆ చేయి పట్టుకున్నాడు. పిడికిలి విడలేదు. ఒక్కొక్క వేలినీ బలంగా విప్పవలసి వచ్చింది. అన్నిటికంటే లోపల బొటనవేలు ఉంది. అరచేతిలో కూడా నల్లటి మరక ఉంది. మట్టేమో అనుకుని, కనపడకుండా చేతిని బోర్లా పెట్టాడు. ఇరవై ఏళ్లుగా పెళ్లికూతుళ్ల గడ్డాలు ఎత్తాడు, ముసలివాళ్ల చేతికర్రలు పక్కన పెట్టాడు, మేకపిల్లను తెచ్చి పాప ఒళ్లో కూర్చోబెట్టాడు. వాటిలో ఏదీ తాను చేసిన పనిగా అతనికి ఎన్నడూ అనిపించలేదు. అందుకే ఇదీ గుర్తులేదు.

గుర్తొచ్చాక దాచలేదు. ఉన్నదంతా నలుగురిలో చెప్పాడు.

ఆ రోజు ఫొటోకు ముందే బీరయ్యకు చివరి స్నానం పోసిన కాశవ్వ మెట్ల మీద కూర్చుని వింటోంది. "అవు. నేను నీళ్లు పోసినప్పుడు గూడ పిడికిలే ఉండె" అంది. "సచ్చిన చెయ్యి ఇడుస్తది గని, పట్టదు."

"ఆ మాట ముందుగాల్నే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు సర్పంచి.

"నన్నెవలు అడిగిన్రు? మీరు ఫొటోను అడిగిన్రు."

సిరా వేలు పిడికిలి లోపల ఉంది కాబట్టి ముద్ర ప్రాణం ఉండగానే పడిందని, ఎకరం లచ్చవ్వదేనని పెద్దమనుషులు తేల్చారు. పిడికిలి మాత్రం ఎవరు ముడిచారో ఏం తెలుసని కొందరు లేస్తూ లేస్తూనే గొణిగారు. కొమురెల్లి భూమి గురించి ఏమీ అనలేదు. పర్శరాములు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎకరం పోతే పోయింది, నా చెల్లెకే గద. మా అయ్య దినాలకు ఒక్క మనిషి రాలేదు. మల్ల పెట్టుకుంటే దినాలైతయా?"

పర్శరాములు చేతులు జోడించాడు. కొమురెల్లి ఆ చేతుల వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. తర్వాత నాగులకుంటలో ఎన్నో పెళ్లిళ్లు జరిగాయి, ఏ ఒక్కదానికీ అతన్ని పిలవలేదు. అన్నాచెల్లెళ్లు మాత్రం కొన్నాళ్లకు మాట కలుపుకున్నారని విన్నాం.

గురువుగారు చెప్పడం అయింది. శంభులింగం, "ఇంతకీ ఆ వీలునామా నిజమైనదేనా గురువుగారూ?" అని అడిగాడు.

ఆయన చెక్కను తిరగేసి రెండోవైపు చిత్రిక పెట్టారు.

"పర్శరాములు ఆ ఫొటోల ఉన్నోళ్లందరినీ అనుమానించిండు" అన్నారు. "దింపినోడు ఫొటోల ఉండడు గద."