వెతకని గొడుగు

హైమావతి తీస్తున్న సినిమాలో ఒక గొడుగు తనంతట తానే ఇల్లంతా తిరుగుతూ తన మనిషిని వెతుకుతుంది. అది ఏ గదిలో తెరుచుకుంటే ఆ గదిలో వాన కురుస్తుంది. ఆ గొడుగు హైమావతి నాన్నది. ఆయన కిందటేడు పోయారు.

పది రోజులపాటు గొడుగును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక ఫొటో తీసింది. అన్నీ వరసగా ఆడించి చూస్తే గొడుగు చక్కగా నడిచింది. నడిచింది, అంతే.

"వెతకడం లేదు టీచర్. ఇదంతా చెరిపేసి మానేస్తాను. నా వల్ల కాదు," అంది హైమావతి.

ఫిలోమినా టీచర్ భీమిలిలో ముప్పై ఏళ్లుగా ఇలాంటి సినిమాలే తీస్తోంది. ఆమె బల్లమీద గడియారాలు గుడ్లు పెట్టాయి, చెంచాలకు రెక్కలొచ్చాయి. శిష్యురాలి మాట విని ఆమె లేచింది. గొడుగు తీసి పక్కన పెట్టి, ఆ బల్లమీద హైమావతిని కూర్చోబెట్టింది.

"ఇవాళ బొమ్మవి నువ్వే. నేను జరిపితే తప్ప కదలకూడదు."

"మరి ఊపిరి?"

"అది నీ ఇష్టం."

టీచర్ ఆమె చేతిని గోరంత పైకి లేపింది. ఫొటో తీసింది. మళ్లీ వచ్చి ఇంకాస్త లేపింది. ఒక్కోసారి తాకేముందు చాలాసేపు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయేది.

గంట గడిచేసరికి హైమావతికి నడుం లాగింది. విసుగొచ్చింది. తరవాత అదీ పోయింది. టీచర్ చెయ్యి మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం దాటాక టీచర్ ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా మొహం పైకెత్తింది. నాన్న పోయాక అలా ఎత్తినవాళ్లు లేరు. హైమావతి కళ్లు మండాయి. కదలకూడదు కదా, తుడుచుకోలేదు.

సాయంత్రం ఇద్దరూ కూర్చుని చూశారు. మొత్తం ఐదు సెకన్లు. తెరమీద ఒక అమ్మాయి చెయ్యి చాచి, తలెత్తి, ఎవరికోసమో చూసింది. ఉన్నట్టుండి చెంపమీద ఒక చుక్క మొలిచింది. జారనైనా జారకుండా గడ్డం మీదికి దూకింది.

హైమావతి తల దించుకుంది. "పాడుచేశాను టీచర్. కదలొద్దన్నారు."

"చెయ్యి నేను జరిపాను. తల నేనెత్తాను," అంది ఫిలోమినా టీచర్. "ఆ చుక్కను మాత్రం నేను ముట్టుకోలేదమ్మా."

హైమావతి తలెత్తి, పక్కన పెట్టిన గొడుగువైపు చూసింది.

"ఇంకోసారి వేయండి టీచర్," అంది.